ఆకురసముతో వెండి రేణువులు: వైద్యమున వాని స్థానము

(మన సంఘ సమావేశమున గావించిన ప్రసంగపాఠము)



ఈ సాయంకాలము మేము ప్రస్తావింపదలచిన విషయము క్రొత్తది. కాని అందు వచ్చు వస్తువులు రెండును మన యిండ్లలో తరతరములుగా నున్నవే. ఒకటి ఆకు, రెండవది వెండి. వేపచెట్టో, తులసికోటయో, కలబంద మొక్కయో లేని పెరడు మనవారిలో అరుదు. పసిబిడ్డకు ఉగ్గు పెట్టుటకు వెండి ఉగ్గుగిన్నె పుట్టింటివారు పంపుట, మనము ఏ రాష్ట్రమున స్థిరపడినను, విడువని ఆచారము. ఈ రెంటిని కలిపి, ఆకురసముతో లోహమును మిక్కిలి చిన్న రేణువులుగా మార్చినచో అది గొప్ప మందగునని కొన్ని యేండ్లుగా వార్తలు వచ్చుచున్నవి. వేపాకు వెండితో పుండ్లు మానుననియు, తులసి నానోతో చక్కెరవ్యాధి తొలగుననియు, మరియొక ఆకుతో కాన్సరు కణములు చచ్చుననియు చదువుచున్నాము. మన సభ్యులు కొందరు అట్టి వార్తలను కత్తిరించి మాకు పంపి, ఇందలి నిజమెంత యని యడిగిరి. నిజము కలదు. అది ఎక్కడికి వచ్చి ఆగుచున్నదో తెలిసికొనుటయే నేటి పని.

మొదట కొలతను గూర్చి రెండు మాటలు. మీటరులో నూరుకోట్లవ వంతు నానోమీటరు. మన తలవెంట్రుక మందము సుమారు 80 వేలు మొదలు లక్ష నానోమీటర్ల వరకు ఉండును. ఒకటి మొదలు నూరు నానోమీటర్ల లోపల నున్న రేణువులను శాస్త్రజ్ఞులు నానో రేణువులందురు. వీనిని మామూలు సూక్ష్మదర్శినిలో చూడలేము. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కావలెను.

చిన్నదగుటచే లాభమేమని అడుగవచ్చును. ఒక సెంటీమీటరు ప్రక్క గల వెండి పాచికను తలచుకొనుడు. దాని ఆరు ముఖముల వైశాల్యము ఆరు చదరపు సెంటీమీటర్లు. అదే పాచికను పది నానోమీటర్ల ప్రక్క గల చిన్న పాచికలుగా కోయగలిగినచో, వెండి బరువు మారదు. కాని బయటికి కనబడు ముఖముల మొత్తము వైశాల్యము 600 చదరపు మీటర్లగును. మన భాషలో చెప్పవలెనన్న సుమారు పదునైదు సెంట్ల నేల. రసాయన క్రియ జరుగునది పైభాగముననే కదా. చేతి గోరంత వెండికి పదునైదు సెంట్ల పైభాగము వచ్చినచో దాని నడత వేరగుట వింత కాదు.

రంగు సైతము మారును. నీటిలో చెదరియున్న వెండి రేణువులు తెల్లగా మెరయవు. పసుపు, గోధుమ రంగులలో కనబడును. బంగారు రేణువులు కెంపువలె ఎఱ్ఱనగును. రోము దేశస్థులు నాలుగవ శతాబ్దిలో చేసిన గాజుపాత్ర యొకటి బ్రిటిష్ మ్యూజియములో కలదు. లైకర్గస్ పాత్ర యని దాని పేరు. వెలుపలి వెలుగులో ఆకుపచ్చగను, లోపల దీపమున్నచో ఎఱ్ఱగను కనబడును. గాజులో వెండి బంగారముల నానో రేణువులుండుటయే కారణము. చేసినవారికి కారణము తెలియదు. దీని లోతు తరచిన మొదటివాడు మైకేల్ ఫారడే. ఆయన 1857లో లండనులో, బంగారమును నీటిలో కంటికి కనబడనంత సన్నని రేణువులుగా చేసి, ఆ ఎఱ్ఱని ద్రవము లోహమే యని వివరించెను. ఆయన సీసాలు నేటికిని అక్కడి రాయల్ ఇన్‌స్టిట్యూషనులో భద్రముగా నున్నవి.

ఇక ఆకు మాట. లోహపు ఉప్పును నీటిలో కరిగించినప్పుడు లోహము విద్యుదావేశము గల అయానులుగా నుండును. దానికి ఎలక్ట్రాన్ల నిచ్చినచో తిరిగి లోహమగును. దీనిని క్షయకరణ మందురు. ఎలక్ట్రాన్ల నిచ్చు పదార్థమొకటియు, పుట్టిన రేణువులు ఒకదానితో ఒకటి అంటుకొని ముద్దగాకుండ వానిపై పొరవలె కప్పు పదార్థమొకటియు కావలెను. ప్రయోగశాలలలో సోడియం బోరోహైడ్రైడ్ వంటి తీక్ష్ణమైన ద్రవ్యములు వాడుట పరిపాటి. ఆకులలో పాలీఫినాలులు, ఫ్లేవనాయిడులు, చక్కెరలు, ప్రోటీనులు ఉన్నవి. ఇవి ఎలక్ట్రాన్ల నిచ్చుటయు, పొరగా కప్పుటయు రెండు పనులు చేయగలవు. నీరు, ఆకు, కొద్దిపాటి వేడి చాలును.

మహారాష్ట్రమునందలి మనవారు గమనింపదగిన సంగతి యొకటి యున్నది. ఈ మార్గమును బలపరచిన తొలి పరిశోధనలలో ముఖ్యమైనవి పూణేలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో జరిగినవి. అక్కడ మురళీ శాస్త్రిగారి బృందము 2003లో జిరేనియము ఆకుల కషాయముతో వెండి రేణువులను చేసిరి. 2004లో వేపాకు కషాయముతో వెండి, బంగారము, ఒకదానిపై మరొకటి పొరగా నున్న జంటలోహపు రేణువులు చేసిరి. అదే సంవత్సరమున నిమ్మగడ్డి రసముతో బంగారు రేణువులను పలుచని త్రికోణపు రేకులుగా పెంచి చూపిరి. దానికి పూర్వమే, 2002లో, అమెరికా దేశపు టెక్సాసులో గార్డియా-టోరెస్‌డీ బృందమువారు అల్ఫాల్ఫా యను పశుగ్రాసపు మొక్క బంగారమును తనలోనే రేణువులుగా మార్చునని కనుగొనిరి. తరువాత వరద వచ్చినట్లు కలబంద, తులసి, ఉసిరి, మునగ, జామ, ఒకటేమి, పెరటిలోని ప్రతి మొక్కపైనను వ్యాసములు వెలువడినవి.

ఇన్ని వెలువడుటకు కారణము తేలికగా చెప్పవచ్చును. పని చౌక. పది గ్రాముల పచ్చి ఆకులను కడిగి, నూరు మిల్లీలీటర్ల నీటిలో కొంచెముసేపు మరిగించి వడకట్టుదురు. లీటరుకు 0.17 గ్రాముల చొప్పున సిల్వర్ నైట్రేటు కలిపిన నీరు తొంబది పాళ్లకు ఈ కషాయము పది పాళ్లు చేర్చుదురు. కొన్ని నిమిషములలోనో, కొన్ని గంటలలోనో ద్రవము గోధుమ రంగునకు తిరుగును. చిన్న ఊరి కళాశాలలోని విద్యార్థి సైతము చేయగలడు. మేము దీనిని చిన్నచూపు చూచుట లేదు. సూక్ష్మ రసాయనమును కన్నులయెదుట చూపు ఇంతకన్న అందమైన ప్రయోగము తక్కువ. కాని ఇంటిలో చేయవలదని తల్లిదండ్రులకు మనవి. సిల్వర్ నైట్రేటు కంటబడినచో ప్రమాదము. ఎన్నికలలో మన వ్రేలిపై పూయు సిరాలో ఉన్నది అదియే. ఆ సిరాను 1962 సార్వత్రిక ఎన్నికలనుండి మైసూరులోని రంగుల కర్మాగారమే తయారు చేయుచున్నది. కన్నడదేశపు మన సోదరులకు ఈ సంగతి తెలిసినదే. చర్మపు ఉప్పుతో కలిసి, వెలుగు తగిలి, వెండి నల్లగా మిగిలిపోవుటచేతనే ఆ గుర్తు చెరుగదు.

వెండి సూక్ష్మజీవులను చంపునని క్రొత్తగా కనుగొన్నది కాదు. జర్మనీలోని లైప్జిగ్ నగరమున క్రెడే యను ప్రసూతివైద్యుడు, ప్రసవ సమయమున తల్లినుండి సోకు రోగముచే శిశువుల కన్నులు చెడుట చూచి, నూటికి రెండుపాళ్ల సిల్వర్ నైట్రేటు చుక్కను పుట్టిన వెంటనే కంటిలో వేయు పద్ధతిని 1881లో ప్రకటించెను. అంతకుముందు నూటికి పదిమంది వరకు సోకు ఆ వ్యాధి ఒకరికంటె తక్కువకు దిగినది. ఎందరి చూపు నిలిచినదో లెక్కింప శక్యము కాదు. 1968లో చార్లెస్ ఫాక్స్ అను వైద్యుడు న్యూయార్కులో కాలిన గాయములకు సిల్వర్ సల్ఫాడయజీన్ అను లేపనమును రూపొందించెను. అది నేటికిని మన ఆసుపత్రులలో తెల్లని మలాముగా కనబడును. గాయము మానుటను అది కొంత ఆలస్యము చేయునని తరువాతి సమీక్షలు తేల్చినవి. అందుచే వెండి నానో రేణువులు గల కట్టులు, ఇతర నవీన కట్టులు కొన్నిచోట్ల దాని స్థానమున వచ్చినవి. మన షోలాపురపు నేతగాండ్రకు ఇందు ఆసక్తి కలుగవచ్చును. వెండి రేణువులను నిలుపుకొనుటకు నూలుబట్ట బాగుగా తగును. గాయపు కట్టు గుడ్డలపై పరిశోధన చాల జరిగినది.

వెండి ఎట్లు చంపును? రేణువునుండి వెండి అయానులు నెమ్మదిగా విడివడును. అవి సూక్ష్మజీవి దేహములోని ప్రోటీనులలో గంధకమున్న భాగములను పట్టుకొని వానిని పనికిరాకుండ చేయును. పైపొరను చెఱచును. ఊపిరి తీయు యంత్రాంగమును ఆపివేయును. ఒకే చోట గాక పలుచోట్ల కొట్టుటచే, సూక్ష్మజీవికి ఎదురు నిలుచుట కష్టము. కష్టమే కాని అసాధ్యము కాదు. 1975లోనే అమెరికాలోని బోస్టను నగరపు ఆసుపత్రిలో, కాలిన గాయముల వార్డులో, వెండికి లొంగని సాల్మొనెల్లా సూక్ష్మజీవులు బయలుపడి రోగుల ప్రాణములు తీసినవి. వెండికి విరుగుడు లేదని చెప్పువారు దీనిని తెలిసికొనవలెను.

ఇంతగా ఈ మార్గముపై ఆశ పెట్టుకొనుటకు బలమైన కారణము లేకపోలేదు. యాంటీబయాటిక్ మందులకు లొంగని సూక్ష్మజీవులచే ఒక్క 2019 సంవత్సరముననే ప్రపంచమున 12 లక్షల 70 వేలమంది మరణించిరని పరిశోధకులు లెక్క కట్టిరి. క్రొత్త ఆయుధము కావలసియున్నది. ఆకు వెండి రేణువు అట్టి ఆయుధమగునా యని వెదకుట న్యాయమే.

అయితే ఆ వెదకుటలో ఒక చిక్కు కలదు. మేము చదివిన పత్రములలో దీనిని సరిగా తీర్చినవి కొద్ది. పరీక్ష సాధారణముగ ఇట్లు జరుగును. పెట్రీ పళ్ళెములో సూక్ష్మజీవులను చాపవలె పెంచుదురు. కాగితపు బిళ్లను మందులో ముంచి దానిపై నుంచుదురు. మరునాటికి బిళ్ల చుట్టును జీవులు చచ్చి, వలయము ఏర్పడును. వలయమెంత వెడల్పైన మందు అంత గొప్పదని వ్రాయుదురు. సరే, చంపినది ఎవరు? ఆకుయా, వెండి రేణువా, లేక రేణువుగా మారక నీటిలో మిగిలిపోయిన సిల్వర్ నైట్రేటా? వట్టి కషాయమొక బిళ్లకు, అంతే వెండి గల సిల్వర్ నైట్రేటు ఒక బిళ్లకు, ఆకు లేకుండ వేరు విధముగా చేసిన అంతే పరిమాణపు వెండి రేణువులు ఒక బిళ్లకు పూసి, నాలుగింటిని ప్రక్కప్రక్కన పెట్టినగాని సమాధానము రాదు. అట్లు పెట్టినచోట్ల తరచుగ చంపుట వెండి పనిగానే తేలుచున్నది. ఆకు వంటవాని వంటిది. విందులో రుచికి కొంత తోడ్పడియుండవచ్చును, కాని ఆకలి తీర్చినది బియ్యము. "వేప నానో" అను పేరు విని, వేప యొక్క గుణములన్నియు అందులో పదింతలై కూర్చున్నవని తలచుట పొరపాటు.

కాన్సరు కణముల మాటయు ఇట్టిదే. పళ్ళెములో పెంచిన కాన్సరు కణములను వెండి చంపును. బట్టలు తెల్లబరచు బ్లీచింగు పొడియు చంపును. ఆ మందు ఆరోగ్యమైన కణములను విడిచిపెట్టి రోగపు కణములనే వెదకి చంపునా, రక్తములో ప్రవేశించిన పిమ్మట గడ్డవరకు చేరునా, లేక కాలేయములోను ప్లీహములోను ఆగిపోవునా యన్నదే ప్రశ్న. శరీరమునకు పరాయివగు రేణువులను కాలేయము, ప్లీహము జల్లెడవలె పట్టుకొనును. పళ్ళెమునకు కాలేయము లేదు.

నానో రేణువు మందు కానేరదని మా యభిప్రాయము కాదు. మూత్రపిండముల వ్యాధిగల వారికి రక్తహీనతకై ఇచ్చు ఫెరుమాక్సిటాల్ అను ఇనుప ఆక్సైడు రేణువుల మందును అమెరికా ప్రభుత్వము 2009లో అనుమతించినది. కాన్సరుకు వాడు ప్రోటీను రేణువుల మందు 2005లోనే వచ్చినది. ఇవి మనుష్యులపై క్రమమైన పరీక్షలు దాటి వచ్చినవి. ప్రతి సీసాలోను రేణువు పరిమాణము, మోతాదు ఒకటే. ఆకు కషాయమునకు ఈ గుణము పట్టుబడుటయే కష్టము. వానకాలపు వేపాకు వేఱు, ఫాల్గుణమాసపు చిగురు వేఱు, ముదురాకు వేఱు. ఎఱ్ఱనేల చెట్టు, నల్లరేగడి చెట్టు ఒక్కటి కావు. కషాయము మారిన రేణువు మారును. రేణువు మారిన మోతాదు మారును. మన దేశమున బయోటెక్నాలజీ శాఖ మొదలగువారు 2019లో నానో ఔషధముల పరీక్షకు మార్గదర్శక సూత్రములను ప్రకటించిరి. రేణువు పరిమాణము, నిలుకడ, విషగుణము మున్నగువానిని నిరూపింపవలెనని అందు కలదు. వేల సంఖ్యలో పత్రములు వెలువడినను, ఆకురసముతో చేసిన వెండి రేణువు చక్కెరవ్యాధికో కాన్సరుకో వైద్యుడు చీటిపై వ్రాయు మందుగా ఇంతవరకు రాలేదు.

ఆకునుండి మందు సక్రమముగా వచ్చిన కథ వేరొకటి చెప్పెదము. చీనాదేశమున మలేరియా జ్వరమునకు వాడు ఒక మొక్కను తూ యూయూ అను శాస్త్రజ్ఞురాలు పరీక్షించుచు, ఆకును మరిగించినచో గుణము పోవుచున్నదని గ్రహించి, తక్కువ వేడిలో ఈథరుతో సారము తీసెను. అది 1971. ఆ సారమునుండి ఆర్టిమిసినిన్ అను ఒక్క పదార్థమును వేరుచేసి, దాని మోతాదు నిర్ణయించి, రోగులపై పరీక్షించిరి. ఆమెకు 2015లో నోబెల్ బహుమానము లభించినది. ప్రాచీన గ్రంథము దారి చూపినది. కాని మోతాదు నిర్ణయించినది పరీక్ష.

ఇక మేము ఈ విషయమును ఎత్తుకొనుటకు అసలు కారణము చెప్పవలసియున్నది. మా యెరుకలో ఒక పెద్దమనిషి, మన సంఘమునకు చిరకాల మిత్రుడు, పండ్రెండేండ్లుగా చక్కెరవ్యాధికి మాత్రలు వాడుచుండెను. ఒకానొక వ్యాపారి ఆయనకు మూలికల నానో వెండి చుక్కలని ఒక సీసా అమ్మెను. పరిశోధన పత్రము నకలు కూడ జతచేసి యిచ్చెనట! ఆ పత్రమును మేము చదివితిమి. అది పళ్ళెములోని సూక్ష్మజీవులపై చేసిన పరీక్ష. చక్కెరవ్యాధి మాటయే అందు లేదు. ఆంగ్లమున అచ్చైన కాగితమును చూచి ఆయన నమ్మెను. మూడు మాసములు మాత్రలు మానెను. కాలిపుండు ముదిరి, ఆసుపత్రిలో చేరి, రెండు వ్రేళ్లు కోల్పోయెను. అమ్మినవాడు అప్పటికి ఊరు మారినాడు. ఆయన మాతో అన్న మాట యిది: "విషమైతే మానేవాడినండీ, ఆకుపసరే కదా అనుకున్నాను." ఈ మాటలోనే చిక్కంతయు కలదు.

ఆకైనచో హాని లేదనుకొనుట నిజము కాదు. వేపనూనెను పసిపిల్లలకు త్రాగించుటచే మూర్ఛలు వచ్చి, మెదడునకును కాలేయమునకును దెబ్బతగిలిన సంఘటనలు వైద్యపత్రికలలో నమోదైయున్నవి. ఉగ్గుతో పాటు రెండు చుక్కలు వేపనూనె పోయు అలవాటు ఏ యింటనైన నున్నచో దయచేసి విడువుడు. వెండి మాటయు అంతే. వెండి ఉగ్గుగిన్నెతో భయము లేదు. అందుండి ద్రవించు వెండి అత్యల్పము. కాని వెండి నీటిని మాసములకొలది త్రాగినచో వెండి చర్మములో చేరి మేను నీలి బూడిద రంగునకు మారును. దీనిని ఆర్జీరియా యందురు. ఆ రంగు తిరిగి పోవుట లేదు. అమెరికా ఔషధ శాఖవారు 1999లోనే, చీటి లేకుండ అమ్ము వెండి నీటి మందులు సురక్షితములనియు గుణకారులనియు అంగీకరింపజాలమని శాసించిరి. లోహభస్మములను ఉదాహరణముగా చూపువారు కలరు. భస్మములలో నానో రేణువులున్నట్లు పరీక్షలలో కనబడిన మాట సత్యము. కాని బోస్టను నగరమున 2004లో ప్రకటింపబడిన పరీక్షలో, అక్కడి అంగళ్లలో కొన్న 70 ఆయుర్వేద సరకులలో 14 సరకులందు సీసము, పాదరసము, పాషాణములలో ఏదో యొకటి హానికరమైన పాళ్లలో కనబడినది. సక్రమముగా శుద్ధిచేయు వైద్యుని మేము నిందించుట లేదు. చేసిన చేతిని చూడక సీసాను మాత్రము చూచి మ్రింగువారికి చెప్పుచున్నాము.

చట్టము సైతము ఒకటి కలదు. 1954 నాటి ఔషధముల, అద్భుత చికిత్సల ప్రకటనల చట్టము ప్రకారము కాన్సరు, చక్కెరవ్యాధి మొదలగు కొన్ని రోగములను నయము చేసెదమని ప్రకటించుటయే నేరము. కరపత్రము చేతికి వచ్చినచో పారవేయక, జిల్లా ఔషధ తనిఖీ అధికారికి పంపవచ్చును.

వెండి రేణువునకు తగిన చోటేదని అడిగినచో, దేహము వెలుపల యని మా యుత్తరము. గాయముపై కట్టులో, వైద్యుడు చూచుచుండగా. నీటిని శుభ్రపరచు వడపోతలో. మద్రాసు ఐ.ఐ.టి.లో టి. ప్రదీప్ గారి బృందమువారు వెండి నానో రేణువులను ఒక ఖనిజ మిశ్రమములో బంధించి, నీటిలోనికి కొద్దికొద్దిగా అయానులు మాత్రము విడుచునట్లు చేసి, తక్కువ ఖర్చుతో త్రాగునీటిని శుభ్రపరచు విధానమును 2013లో ప్రకటించిరి. అక్కడ రేణువు వడపోతలోనే నిలిచియుండును. ఇట్టి పనులలో మందు మ్రింగువాని కాలేయమును గూర్చి చింతింప నక్కరలేదు. వాడిన వెండి కాలువలో కలిసిన చేపలకు కీడు. ఆ జాగ్రత్త మాత్రము కావలెను.

ఇంకొక్క విషయము. ఇది మనవంటి వారికే ప్రత్యేకమైనది. మనము రెండు మూడు భాషల నడుమ బ్రదుకుచున్నాము. ఆకు పేరు ఒక భాషలో విని, మరొక భాషవాని అంగడిలో కొందుము. మనము వేప యన్న చెట్టును తమిళులు వేంబు అనియు, కన్నడిగులు బేవు అనియు, ఓఢ్రులు నిమ యనియు, మహారాష్ట్రులు కడులింబ యనియు అందురు. కూరలో వేయు కరివేపాకు తమిళమున కఱివేప్పిలై, కన్నడమున కరిబేవు, మరాఠీలో కఢీలింబ. కడులింబ, కఢీలింబ! షోలాపురపు బజారులో ఒక్క అక్షరము తేడాతో వేఱు చెట్టు చేతికి వచ్చును. ఇక నేలవేము, తమిళులకు నిలవేంబు, కన్నడిగులకు నెలబేవు, ఒరియాలో భుఇఁ నింబ. అన్ని భాషలలోను అర్థము ఒక్కటే, నేలమీది వేప యని. చేదు ఒక్కటే కాని చుట్టరికము లేదు. వేప మీలియేసీ కుటుంబమునది. కరివేప నిమ్మ, మారేడు చెట్లకు జ్ఞాతి. నేలవేము అడ్డసరపు కుటుంబములోని చిన్న గుల్మము. మూడింటి రసాయనములు మూడు తీరులు. తమిళనాట డెంగ్యూ జ్వరపు రోజులలో నిలవేంబు కషాయము పంచినప్పుడు, అది వేపాకు కషాయమే యని తలచి ఇంట వేపాకు మరిగించి త్రాగినవారిని మేము ఒసూరు ప్రాంతమున చూచితిమి.

పరిశోధనలోను ఇదే పొరపాటు దొరలును. ఆకు ఏదో నిర్ధారింపక కషాయము చేసినచో, తరువాత రేణువులను ఎంత గొప్ప సూక్ష్మదర్శినిలో చూచినను ఫలమేమి? అందుచే వృక్షశాస్త్ర నామమును వ్రాయుట శాస్త్రజ్ఞుల నియమము. వేప అజాడిరక్టా ఇండికా. నేలవేము ఆండ్రోగ్రాఫిస్ పానిక్యులేటా. ఈ పేర్లు ఏ రాష్ట్రమున కేగినను మారవు.

మన పిల్లలలో రసాయనమో జీవశాస్త్రమో చదువుచున్నవారు ఈ తరహా ప్రయోగములు చేయుచున్నట్లు వినుచున్నాము. సంతోషము. వారు ఇంటిలోని అమ్మమ్మలనడిగి ఆకు పేరు తెలుగున వ్రాసికొని, ప్రక్కన ఇరుగుపొరుగు భాషలోని పేరును, కోసిన ఊరును, నెలను వ్రాయవలెను. పూవుతోనో కాయతోనో కూడిన కొమ్మను కాగితముల నడుమ ఆరబెట్టి, దగ్గరి కళాశాల వృక్షశాస్త్ర శాఖవారికి చూపి పేరు ఖాయపరచుకొనవలెను. కోయంబత్తూరులోను, పూణేలోను, హైదరాబాదులోను భారత వృక్షశాస్త్ర సర్వేక్షణవారి ప్రాంతీయ కేంద్రములు కలవు; ఎండిన కొమ్మల భాండారములు అక్కడ నున్నవి. పిమ్మట నాలుగు బిళ్లలను ప్రక్కప్రక్కన పెట్టవలెను: కషాయము, సిల్వర్ నైట్రేటు, ఆకులేని రేణువులు, ఆకుతో చేసిన రేణువులు. వలయములు కొలిచి వచ్చిన అంకెలను మాకు పంపినచో, అనుకొన్నట్లు రాకపోయినను సరే, ఈ పత్రికలో అచ్చువేయుటకు సంపాదకవర్గము అంగీకరించినది.